ఎర్రర్ నూటపదమూడు

ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్. రెండో నంబరు ప్లాట్‌ఫారం. 2016 మార్చి, గురువారం ఉదయం తొమ్మిదీ నలభై.

టీ అమ్మే ఎర్రన్న బెంచీ మీద కూర్చున్న మనిషికి కప్పు అందించాడు. ఆ మనిషి చెయ్యి చాపలేదు.

"బావూ, టీ సల్లారిపోతాది" అన్నాడు ఎర్రన్న.

ఆ మనిషి కళ్లు తెరిచే ఉన్నాయి. పట్టాల వైపు చూస్తున్నాయి. పలాస వైపు వెళ్లే గూడ్సు వచ్చింది, పోయింది. రెప్ప పడలేదు. ఎర్రన్న కప్పు కింద పెట్టి స్టేషన్ మాస్టర్ గది వైపు పరిగెత్తాడు.

రైల్వే పోలీసులు గుండెపోటని రాసుకున్నారు. మెడ వెనక, కాలరు కింద, సూది దిగిన చుక్క ఒకటి ఉంది. దాన్ని చూసినవాడు రెండు గంటల తర్వాత విశాఖపట్నం నుంచి వచ్చిన జగన్నాధం. చనిపోయిన మనిషి పేరు పాల్. ఏ బోర్డు మీదా పేరు లేని ఒక విభాగంలో పదకొండేళ్లు పని చేశాడు. ఈ తీరంలో ఆ విభాగానికి జగన్నాధమే చీఫ్.

పన్నెండూ ఐదుకి రిటైరింగ్ రూములో చీఫ్ ముందు ఎజ్రా నిలబడ్డాడు. కుర్చీ ఉంది. కూర్చోలేకపోయాడు. పాల్, అతను ఒకే రోజు ఉద్యోగంలో చేరారు.

చీఫ్ బల్ల మీద ఒక వస్తువు పెట్టాడు. గుండ్రంగా, నల్లగా, అగ్గిపెట్టె అంత ఉంది. అడుగున రబ్బరు అంచు, మధ్యలో గాజు చుక్క, వెనక నుంచి వైరు, వైరు చివర యూఎస్‌బీ.

"పాల్ కూర్చున్న బెంచీ కింద అతుక్కుని ఉంది. పోలీసులు బెంచీలో భాగమనుకున్నారు. ఏంటిది?"

"ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ సార్. వాషింగ్ మిషన్ రిపేరుకి వాడతారు. మిషను ముందు ప్యానెల్ మీద చిన్న దీపం ఉంటుంది కదా, దాని మీద ఇది అతికిస్తారు. సర్వీస్ మోడ్‌లో ఆ దీపం కంటికి అందనంత వేగంగా వెలిగి ఆరుతుంది. ఆ మెరుపుల్ని ఇది అక్షరాలుగా మార్చి ల్యాప్‌టాప్‌కి పంపుతుంది. ఏ పార్టు పోయింది, ఎన్ని గంటలు తిరిగింది, అన్నీ బోర్డు మెమరీలో ఉంటాయి."

"మెమరీలో ఇంకేదైనా రాసి పెట్టచ్చా?"

"పెట్టచ్చు. ఎవరూ వెతకరు."

"కోరల్ ముఠా మూడేళ్లుగా చేస్తున్నది అదే. ఫోన్ లేదు, మెయిల్ లేదు, రేడియో లేదు. పట్టుకోవడానికి గాలిలో ఏమీ లేదు. పాల్‌కి ఆర్నెల్లు పట్టింది కనిపెట్టడానికి."

కోరల్ గూఢచారుల ముఠా. దాని పెద్దలు సముద్రం అవతల ఉన్నారు. ఇక్కడ వాళ్ల మనిషి విజయనగరంలో గృహోపకరణాల షోరూము నడిపే రమేష్‌బాబు. రెండు జిల్లాల్లోనూ, విశాఖలోనూ కలిపి ఒకే మోడలు విదేశీ మిషన్లు నలభై అమ్మాడు. వాటిలో ఏదైనా ఒక తపాలాపెట్టె కావచ్చు. మెకానిక్ వేషంలో ఒకడు వచ్చి ఉత్తరం రాసి పోతాడు, ఇంకొకడు వచ్చి చదువుకుని పోతాడు. ఇంటివాళ్లు ఇద్దరికీ టీ ఇస్తారు.

చీఫ్ ఫోన్ తిప్పి చూపించాడు. పాల్ పంపిన చివరి మెసేజ్. *ఉత్తరం స్టేషన్ రోడ్డు లాడ్జి మిషన్లో ఉంది. నిన్న పొద్దున చదివాను. మన పిల్ల పేరు రాశారు. రమేష్‌బాబు ఈ మధ్యాహ్నం చదువుతాడు.*

ఎజ్రా రెండోసారి చదవలేదు.

కోరల్ ముఠాలో విభాగం మనిషి ఒక్కతే ఉంది. రమేష్‌బాబు షోరూములో టెక్నికల్ మేనేజరు. అక్కడ ఆమె పేరు స్వర్ణ. అసలు పేరు షీబా. విజయనగరంలో బాప్టిస్టు చర్చి పెద్దగారి కూతురు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పుకునే అమ్మాయిని ఈ పనిలోకి తెచ్చినవాడు ఎజ్రా. రెండేళ్లలో బయటికి తెస్తానని మాట ఇచ్చాడు. నాలుగేళ్లయింది.

"ఆ పేరు చదివితే సాయంత్రానికి ఆమె ఉండదు" అన్నాడు చీఫ్. "పాల్‌ని చూశావు కదా. రమేష్‌బాబు జేబులో రెండు పెన్నులుంటాయి. ఒకదానితోనే రాస్తాడు."

"బోర్డు పగలగొట్టేస్తాను."

"పగలగొడితే రేపు మళ్లీ రాస్తారు. రాసేవాడు మన ఇంట్లోనే ఉన్నాడు, ఎవడో తెలియదు. పగలగొట్టకు. మార్చు. 'పేరు తెలియలేదు' అని రాసి రా. అంతే."

"ఆమెకి కబురు?"

"రోజంతా అతని పక్కనే ఉంటుంది. ఫోన్ అతని చేతిలో ఉంటుంది. మీ ఇద్దరికీ ఏదో గుర్తు ఉందన్నావు?"

"నూటపదమూడు. నీ పేరు బయటపడింది అని అర్థం."

"ఆ అంకె ఎక్కడిది?"

"మేం కలిసిన ఆదివారం చర్చి గోడ మీద పాట నంబరు."

చీఫ్ గడియారం చూసుకున్నాడు. ఎజ్రా అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

నీలం చొక్కా, మోకాళ్ల దగ్గర గ్రీజు పట్టిన ప్యాంటు, భుజాన పనిముట్ల సంచి. సంచిలో పానాల కింద ల్యాప్‌టాప్, పాల్ మాడ్యూల్. పన్నెండూ నలభైకి లాడ్జి వెనక బట్టలుతికే గదిలో మిషను ముందు గొంతుక్కూర్చున్నాడు ఎజ్రా. ప్యానెల్ మీద దీపం లేదు. ప్యానెలే లేదు. ఉండాల్సిన చోట కన్నం, కన్నం లోంచి వేలాడుతున్న నాలుగు వైర్లు.

లాడ్జి మేనేజరు గుమ్మం దగ్గరే నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు.

"దాని బోర్డు నిన్న మజ్జానం గంగులు పట్టుకుపోనాడు. ఇందాకే ఇద్దరొచ్చి అదే అడిగినారు. ఓ బాబు, ఓ అమ్మ. కారులో వచ్చినారు."

"ఎంతసేపైంది?"

"మీరు ఇటొచ్చినారు, ఆళ్లు అటెల్లినారు."

గంగులు కొట్టు రైల్వే గేటు పక్క సందులో ఉంది. ఆ నలభై మిషన్లకీ అతనే మెకానిక్. కొట్టు ముందు మూడు డ్రమ్ములు, లోపల నేలంతా మోటార్లు. గంగులు ఒక మోటారు మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు.

"కంపెనీ వాళ్లు పంపారు. లాడ్జి బోర్డు ఎక్కడుంది?" అన్నాడు ఎజ్రా.

"ఇదేటి, ఇయ్యాల ఆ బోర్డుకి ఇంత గిరాకీ? ఇప్పుడే రమేష్‌బాబు గారు ఫోన్ సేసినారు. నౌపడలో లచ్చనమ్మ గారి మిషనుకి పెట్టినానని సెప్పీసినాను. టెక్కలిలో బోంచేసి ఎల్తానన్నారు."

"లాడ్జి బోర్డు తీసి నౌపడలో పెట్టావా? ఎందుకు?"

గంగులు ముద్ద మింగి, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "సూడు బావూ. నౌపడ ఉప్పు మడుల గాలికి ఆరునెల్లకో బోర్డు పోతాది. కొత్తది రావాలంటే నెల. లాడ్జిలో మిషను వారం ఆగినా ఎవుడూ అడగడు. లచ్చనమ్మ గారి మిషను ఒక్క పూట ఆగితే ఆవిడ ఫోన్‌కి నాను నిద్దరోలేను. అందుకని ఖాళీగున్న దాన్ది తీసి, అవసరమున్న దానికి పెడతాను. కొత్తదొచ్చినాక మళ్లీ ఎవులది ఆళ్లకి."

"నలభై మిషన్లకీ ఇలాగే చేస్తున్నావా?"

"అందులో ఒక్కటి తప్పించి అన్నీ ఎప్పుడో అటూ ఇటూ తిరిగినవే. సెప్పకు, రమేష్‌బాబు గారికి కోపమొస్తాది."

మూడేళ్లుగా కోరల్ ఉత్తరాలు కొన్ని ఎందుకు చేరలేదో ఎజ్రాకి అప్పుడు తెలిసింది. పెద్ద పెద్ద దేశాలు పెట్టిన తాళాన్ని గంగులు ఒక స్క్రూడ్రైవరుతో తీసేస్తున్నాడు, తీస్తున్నానని తెలియకుండానే.

"చెయ్యి కడుక్కో. నీ బండి మీద నౌపడ పోదాం."

"అన్నం?"

"లచ్చనమ్మ గారి మిషను మళ్లీ ఆగిందట."

గంగులు గిన్నె పక్కన పెట్టి లేచాడు.

హైవే మీద నరసన్నపేట దాటారు, కోటబొమ్మాళి దాటారు. గంగులు బండి డెబ్భైకి మించి పోదు. ఎజ్రా వెనక కూర్చుని కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ కదిలాడు. ఎదురుగా కారు కనిపించినప్పుడల్లా మెడ చాచాడు. వెనక నుంచి కారు దాటినప్పుడల్లా లోపలికి చూశాడు.

"బావూ, నువ్విలాగ కదిల్తే బండి కాలవలోకి ఎల్తాది" అన్నాడు గంగులు.

టెక్కలి దాటి నౌపడ రోడ్డులోకి తిరిగారు. ఉప్పు మడులు మొదలయ్యాయి. మడుల గట్ల మీద ఉప్పు కుప్పలు, కుప్పల మీద తాటాకులు. దూరంగా రైల్వే గేటు పడి ఉంది. గేటు ముందు రెండు లారీలు. లారీల వెనక విజయనగరం షోరూము పేరు రాసిన కారు.

"వంగు" అన్నాడు గంగులు.

ఇద్దరూ తలలు వంచారు. బండి లారీల పక్కనుంచి పోయి, గేటు కడ్డీ కింద నుంచి దూరి, పట్టాలు దాటి, రెండో కడ్డీ కింద నుంచి బయటపడింది. గేటుమేన్ తిట్టిన తిట్టు వెనకే ఉండిపోయింది. ఎజ్రా తల తిప్పి చూశాడు. కారు కదల్లేదు. గూడ్సు ఇంకా రాలేదు.

లక్ష్మణమ్మకి అరవై ఏళ్లు. భర్త ఉప్పు కాంట్రాక్టరు. గుమ్మంలోనే ఎదురైంది.

"ఏట్రా గంగులూ? పిలిస్తే రావు, పిలవకపోతే వస్తావు. నా మిషను బాగానే తిరుగుతున్నాది."

"సెకింగమ్మా. కంపెనీ బాబు వచ్చినారు."

"ఇప్పుడు దుప్పట్లు ఏసినాను. అయ్యేదాకా ముట్టుకోనివ్వను."

మిషను స్నానాల గదిలో ఉంది. డ్రమ్ము తిరుగుతోంది. ప్యానెల్ మీద అంకె చూపిస్తోంది. ఎనిమిది నిమిషాలు.

"ఆపితే?" అన్నాడు ఎజ్రా చిన్నగా.

"మధ్యలో ఆపితే సర్వీస్ మోడ్‌కి ఎల్లదు. అయిపోవాల. సర్వీస్ మోడ్‌కి ఎల్తే తలుపు లాకైపోతాది, సదువుతుండగా సిగ్నల్ తెగితే టక్కుమని ఊడిపోతాది. నువ్వు కంపినీవోడివి, నీకు తెల్దేటి?"

ఎజ్రా అంకె వైపు చూశాడు. ఏడు. వాకిట్లోకి వెళ్లి రోడ్డు చూశాడు. ఆరు. వచ్చాడు. ఐదు. గూడ్సు కూత వినిపించింది. మూడు. పెట్టెలు లెక్కపెట్టాలని చూసి మధ్యలో మరిచిపోయాడు. రెండు. చప్పుడు ఆగింది. గేటు లేచే గంట మోగింది.

సున్నా.

గంగులు రెండు బటన్లు కలిపి నొక్కాడు. తలుపు లాకైంది. ఎజ్రా మాడ్యూల్ తీసి దీపం ఉండే చోట ప్యానెల్ మీద అదిమి, ల్యాప్‌టాప్ తెరిచాడు.

నో సిగ్నల్.

తీసి మళ్లీ అతికించాడు. నో సిగ్నల్. రబ్బరు అంచు తుడిచాడు. వైరు మార్చాడు. నో సిగ్నల్. పాల్ చేతిలో నిన్న పొద్దున పనిచేసిన వస్తువు ఈరోజు పనిచేయడం లేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బయట కారు తలుపులు రెండు పడ్డాయి.

ల్యాప్‌టాప్ మూసి విడిచిన బట్టల బుట్టలో దుప్పటి కింద దోపాడు. మాడ్యూల్ జేబులో వేసుకున్నాడు. పానా పట్టుకుని నీళ్ల పైపు పక్కన కూర్చున్నాడు.

ముందు రమేష్‌బాబు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. వెనక ఆమె వచ్చింది. నాలుగేళ్లలో ఎజ్రా ఆమెను మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ రోడ్డు అవతల నుంచే. ఆమె చేత రిబ్బను కత్తిరించాలని పట్టణాల్లో షోరూములు ప్రారంభోత్సవాలు వాయిదా వేసుకుంటాయని పాల్ ఒకసారి చెప్పాడు. ముదురాకుపచ్చ చీర, నుదుట మెరూన్ రంగు బొట్టుబిళ్ల. చేతిలో ల్యాప్‌టాప్ బ్యాగు. ఆమె చూపు ఎజ్రా మీద పడింది. గోడ మీద పడ్డట్టే పడి పక్కకి పోయింది.

"ఎవడు వీడు?" అన్నాడు రమేష్‌బాబు.

గంగులు నోరు తెరిచేలోగా ఎజ్రా అందుకున్నాడు. "ఎల్పర్ని సార్. కొత్తగా సేరినాను. మిషను ఎర్రర్ సూపిస్తన్నాది. నూటపదమూడు."

స్వర్ణ బ్యాగు జిప్పు తీస్తోంది. చెయ్యి ఆగలేదు. జిప్పు మాత్రం సగంలో ఒకసారి పట్టేసింది, మళ్లీ నడిచింది.

"నూటపదమూడా?" రమేష్‌బాబు ఎజ్రా వైపు తిరిగాడు. "ఈ మోడల్‌కి ఎర్రర్లు నలభైతో ఆగిపోతాయి. పుస్తకం నేనే అచ్చు వేయించాను."

ఎజ్రా పైపు వైపు తిరిగాడు.

"పుస్తకం రాసిన దేశంలో ఉప్పు గాలి ఉండదు కద సార్" అన్నాడు గంగులు. "ఇక్కడ ఏ నంబరైనా సూపిస్తాది. కిందటి నెల నా పుట్టిన తేదీ సూపించింది."

రమేష్‌బాబు నవ్వలేదు. "స్వర్ణా, కానీ."

ఆమె మిషను ముందు కూర్చుంది. ఆమె మాడ్యూల్ అతికించింది. ఆమె ల్యాప్‌టాప్ మీద కూడా అదే వచ్చింది. నో సిగ్నల్. రెండోసారీ అదే. ఆమె మొహంలో కనబడినది నటన కాదని ఎజ్రాకి తెలిసింది. ఆమెకీ అర్థం కాలేదు.

రమేష్‌బాబు వంగి చూశాడు. గోరుతో ప్యానెల్ గీరాడు. వేలి మీద నల్లటి బొట్టుబిళ్ల వచ్చింది.

"ఇంత చదువుకున్నావు, ఇది కనపడలేదా?" అన్నాడు. "ఏవమ్మా, దీపం మీద బొట్టు ఏంటి?"

గుమ్మం బయట నుంచి లక్ష్మణమ్మ గొంతు వచ్చింది. "స్నానం సేస్తంటే కన్ను కొడతన్నాది బావూ ఆ దీపం. సిగ్గుండాల దానికి. అందుకే కన్ను మూసీసినాను."

ఎజ్రా ఇంట్లో ఎవరూ బొట్టు పెట్టుకోరు. అద్దానికి, తలుపుకి, గోడకి బొట్టుబిళ్లలు అతికి ఉండడం అతను చూస్తూనే పెరిగాడు, పక్కిళ్లలో. చూశాడు గానీ ఎప్పుడూ గమనించలేదు. నల్ల ప్యానెల్ మీద నల్ల బిళ్ల. షీబాదీ అలాంటి ఇల్లే.

రమేష్‌బాబు బిళ్లని గోడకి రాశాడు. "ఇప్పుడు."

ఆమె మాడ్యూల్ అతికించింది. తెర మీద గీత కదిలింది. నాలుగు శాతం. తొమ్మిది. రమేష్‌బాబు ఆమె భుజం మీదుగా తెర చూస్తూ మిషను తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. నూరు శాతం వస్తే ఉత్తరం దానంతటదే తెరుచుకుంటుంది. ఇరవై రెండు. ఎజ్రా పానా బిగించాడు. పైపు అప్పటికే బిగిసి ఉంది. మళ్లీ వదులు చేశాడు. నలభై. గుమ్మంలో గంగులు, వాకిట్లో కారు డ్రైవరు, మధ్యలో ఆమె. ఇప్పుడు తను లేస్తే ఆ పెన్ను మొదట చేరేది ఆమె మెడకే. యాభై ఐదు. అరవై.

"ఉక్కగా ఉంది" అంది ఆమె. పైట చెంగుతో నుదురు తుడుచుకుంది.

డెబ్భై ఎనిమిది. ఎనభై ఐదు.

"రబ్బరు ఊడుతోంది సార్" అంది. మాడ్యూల్‌ని వేళ్లతో కొంచెం లేపి మళ్లీ అదిమింది. తొంభై ఆరు దగ్గర గీత ఆగింది.

నో సిగ్నల్.

"ఏమైంది?"

"ఉప్పు గాలి సార్" అన్నాడు ఎజ్రా.

రమేష్‌బాబు అతని వైపు చూడలేదు. మాడ్యూల్ ఊడబెరికాడు. దీపం మీద బొట్టుబిళ్ల ఉంది. ఇది నల్లది కాదు. మెరూన్. అతను దాన్ని చూసినంతసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత తలెత్తి స్వర్ణ మొహం చూశాడు. నుదురు ఖాళీగా ఉంది. బొట్టు ఉండిన చోట గుండ్రటి మచ్చ, చుట్టూ చెమట.

అతని చెయ్యి జేబుకి వెళ్లింది. రెండో పెన్ను తీసింది.

మిషను టక్కుమంది.

మధ్యలో సిగ్నల్ తెగింది, సర్వీస్ మోడ్ పోయింది, లాక్ ఊడింది. ఎజ్రా ఆ చప్పుడు కోసమే చూస్తున్నాడని అతనికే అప్పుడు తెలిసింది. ఒక్క గుంజు గుంజాడు. గాజు తలుపు తిరిగి వచ్చి రమేష్‌బాబు మణికట్టుకి తగిలింది. పెన్ను గచ్చు మీద పడి తూము వైపు దొర్లింది. రమేష్‌బాబు దాని కోసం ముందుకి వంగాడు. ఎజ్రా అతని తలని దుప్పట్లు ఉన్న డ్రమ్ములోకి తోసి, చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"నా దుప్పట్లు!" అంది లక్ష్మణమ్మ గుమ్మంలోంచి. "ఇప్పుడే ఉతికినాను కదరా!"

గంగులు పెన్ను తీయబోయాడు.

"ముట్టుకోకు" అంది షీబా. నాలుగేళ్ల తర్వాత ఆమె సొంత గొంతుతో అన్న మొదటి మాట అది. చెంబు తీసి పెన్ను మీద బోర్లించింది.

వాకిట్లో డ్రైవరు కారు స్టార్టు చేశాడు. నౌపడ గేటు దాకా వెళ్లాడు. గేటు పడి ఉంది. టెక్కలి పోలీసులు వచ్చేవరకు అక్కడే ఉన్నాడు.

పోలీసులు రమేష్‌బాబుని తీసుకుపోయాక, మెరూన్ బిళ్ల గీరేసి షీబా మళ్లీ చదివింది. ఈసారి నూరు వచ్చింది. తెర మీద ఒకే లైను ఉంది. *స్వర్ణ అసలు పేరు షీబా. విభాగం మనిషి.* కింద, ఆ ఉత్తరం మొదట బయల్దేరిన మిషను నంబరు. పదిహేడు.

అది ఎవరికి అమ్మారో చూద్దామని ఎజ్రా వారంటీ పుస్తకం కోసం ల్యాప్‌టాప్ బ్యాగు వెతకబోయాడు.

"పదిహేడా?" అన్నాడు గంగులు. "అదొక్కటే నాను ముట్టుకోనిది. విశాకపట్నంలో ఏదో గవర్మెంటు గెస్టుహౌసు. అక్కడ వాచ్‌మేన్ ఎవుల్నీ లోపలికి రానివ్వడు. అతనే సూసుకుంటాడంట మిషను."

ఎజ్రా చీఫ్‌కి ఫోన్ చేసి నంబరు చెప్పాడు, చోటు చెప్పాడు. 

"ఆ గెస్ట్‌హౌస్ తెలుసా సార్?"

"మనవాళ్లు దిగేది అందులోనే. నా చొక్కాలు అక్కడే ఉతికిస్తాను" అన్నాడు జగన్నాధం. "మార్చి రమ్మన్నాను. మనిషిని పట్టుకు రమ్మనలేదు."

"ప్లాను మారింది సార్."

షీబా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.  ఎజ్రా నీళ్ల గ్లాసు ఇచ్చాడు.

"రెండేళ్లన్నావు" అంది.

"అన్నాను."

"పాల్ ఏడి?"

ఎజ్రా జేబులోంచి పాల్ మాడ్యూల్ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆదివారం నాన్న పక్కన కూర్చుంటాను. నువ్వు వెనక బెంచీలో కూర్చో. పాల్ కోసం ఓ చోటు ఖాళీగా ఉంచు."

లక్ష్మణమ్మ లోపలి నుంచి వచ్చి ఆమె నుదురు చూసింది. "అయ్యో, మొకాన బొట్టు లేదేటమ్మా? ఉండు, తెస్తాను."

"వద్దమ్మా" అంది షీబా. "ఇంక అక్కర్లేదు."

లక్ష్మణమ్మ మిషను బోర్డుని సాక్ష్యం కింద ఎజ్రా సంచిలో వేసుకున్నాడు. ఆవిడ అన్న మాటలు రిపోర్టులో రాయలేదు.

మరుసటి రోజు గెస్ట్‌హౌస్ వాచ్‌మేన్‌ని పట్టుకున్నారు. అతను గంటలోపే ఒప్పుకున్నాడు. పదిహేడో నంబరు మిషను విప్పడానికి నిపుణుడు కావాలన్నారు. ఆ మోడలు తెలిసినవాడు రెండు జిల్లాల్లో ఒక్కడే ఉన్నాడు. గంగులు వచ్చాడు, విప్పాడు, బోర్డు కాగితంలో చుట్టి అధికారి చేతికిచ్చాడు, సంతకం పెట్టాడు, బస్సెక్కి వెళ్లిపోయాడు.

పదిహేను రోజులకి లాబ్ రిపోర్టు వచ్చింది. చీఫ్ ఎజ్రాని పిలిచాడు.

"బోర్డు నిండా ఉప్పంట. ఆర్నెల్లు సముద్రం గాలి తగిలితే గానీ అంత పట్టదంట. గెస్ట్‌హౌస్‌లో ఆ గది కిటికీ కూడా తెరవరు. ఇది ఎలా జరిగిందో చెప్పగలవా?"

ఎజ్రా గడియారం చూశాడు. పదకొండు. నౌపడలో లక్ష్మణమ్మ బట్టలు వేసే వేళ.

"చెప్పగలను సార్. కానీ పదిహేడో నంబరు బోర్డు వెనక్కి కావాలంటే, నౌపడలో లక్ష్మణమ్మ గారి దుప్పట్లు అయ్యేదాకా ఆగాలి."